జాతి తేడా ఉంటే డోపింగ్ పరీక్ష తప్పుతుందా?

ప్రశ్న: గ్రోత్ హార్మోన్ రక్తపరీక్ష హద్దులను తొలుత ఎక్కువగా ఐరోపా క్రీడాకారుల రక్తం చూసి లెక్కగట్టారట. మరి వేరే జాతివాళ్లు ఆ హార్మోన్ వాడకుండానే దొరికిపోరా?

జవాబు: అడగాల్సిన ప్రశ్నే. ఈ పరీక్షలో రక్తంలోని ఐజీఎఫ్-1, పీ-త్రీ-ఎన్‌పీ అనే రెండు పదార్థాలను కొలుస్తారు. హార్మోన్ ఎక్కించుకుంటే రెండూ పెరుగుతాయి. వివిధ జాతుల క్రీడాకారులను పోల్చి చూస్తే తేడా స్వల్పమే. వయసుదే పెద్ద ప్రభావం: యుక్తవయసులో రెండూ బాగా ఎక్కువగా ఉండి, ఆపై తగ్గుతూ పోతాయి. అందుకే ఈ రెండింటితో లెక్కగట్టే స్కోరులో వయసును కూడా కలుపుతారు, ఆడవారికీ మగవారికీ వేర్వేరు హద్దులు పెడతారు. పుట్టినతేదీ తప్పుగా రాస్తే స్కోరే తప్పుతుంది.

జాతి తేడా గట్టిగా దెబ్బకొట్టేది మూత్రంలో చేసే టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్) పరీక్షను. అక్కడ టెస్టోస్టెరాన్‌కూ, దాన్ని పోలినదే ఒంట్లో పుట్టే ఎపిటెస్టోస్టెరాన్‌కూ ఉన్న నిష్పత్తి 4 దాటితే అనుమానిస్తారు. టెస్టోస్టెరాన్‌ను మూత్రంలోకి పంపే యూజీటీ2బీ17 జన్యువు కొరియా మగవారిలో సుమారు మూడింట రెండొంతుల మందికి ఉండదు. స్వీడన్‌లో పదిమందిలో ఒకరికి. ఆ జన్యువు లేనివారు ఇంజెక్షన్ చేయించుకున్నా నిష్పత్తి 4 లోపే ఉండిపోవచ్చు. అంటే ఇక్కడ అన్యాయం నిజాయితీగా ఆడేవారికే. 2014 నుంచి స్టెరాయిడ్ పాస్‌పోర్టులో, అంటే ఒక్కో క్రీడాకారుడి మూత్రపరీక్షల అంకెలు దాచే రికార్డులో, ఎవరి పాత అంకెలతో వారినే పోలుస్తున్నారు. తేడా కనిపిస్తే కార్బన్ ఐసోటోపు పరీక్ష ఆ హార్మోన్ ఒంట్లో పుట్టిందో, బయటినుంచి వచ్చిందో చెబుతుంది.