ఫంక్షన్ లోపల లెక్క మారిస్తే వేరే కోడ్ ఎందుకు పాడైతది?

ఫంక్షన్ (పేరు పెట్టి పిలిస్తే లెక్క చేసి జవాబిచ్చే కోడ్ ముక్క) పేరు మార్చలే, ఇన్‌పుట్లు మార్చలే, లోపల లెక్క ఒక్కటే మార్చిన, మరి వేరే ఫైల్ల బిల్లు ఎందుకు తప్పొస్తుంది అని అడిగినవ్ కదా తమ్ముడూ. ఎర్రర్ రాదు, అదే అసలు లొల్లి. పేరు మారిస్తే పిలిచే చోటల్లా ఎర్రర్ కొడ్తది, దొరికిపోతది, లెక్క మారిస్తే మాత్రం అన్నీ మంచిగనే నడుస్తయ్ గాని జవాబు వేరే వస్తది. మిర్యాలగూడల ఒక రైస్ మిల్లు బిల్లింగే అనుకో, వడ్ల తూకం ఇచ్చే ఫంక్షన్ ఇన్ని రోజులు కిలోలల్ల ఇస్తుండె, నువ్వు క్వింటాళ్లు చేసినవ్, బిల్లు కోడ్‌కు ఆ సంగతి తెల్వదు, అది మళ్లా 100తోని భాగిస్తది, రైతుకు వచ్చే పైసలు వందో వంతైతయ్.

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషల గూడ ఇట్లనే అయింది, 2వ వెర్షన్ల 7/2 అంటే 3, 2008ల వచ్చిన 3వ వెర్షన్ల 3.5. పాత కోడ్‌ల పూర్ణాంకమే కావాలన్న కాడల్లా / బదులు, భాగించి కింది పూర్ణాంకం ఇచ్చే // గుర్తు పెట్టుకోవాల్సొచ్చింది.

బగ్ సరిచేసినా ఇదే కత, ఎవరో ఆ తప్పు జవాబుకే సర్దుకొని రాసుకుంటరు.

పాతదాన్ని ముట్టకు, కొత్త పేరుతోని ఇంకో ఫంక్షన్ రాయి, పిలిచే చోట్లు వెతికి ఒక్కొక్కటి మార్చు, అన్నీ అయినంక పాతది తీసెయ్.