టెక్ సందేహాలు: ఫాఫ్సా ఫామ్‌లో నాన్న ఈమెయిల్ తెచ్చిన తంటా

ఫోన్ స్లో అయింది, ల్యాప్‌టాప్ వేడెక్కుతోంది లాంటి ప్రశ్నలన్నీ ఈసారికి పక్కన పెట్టేశా. అమెరికాలో కాలేజీకి వెళ్ళబోయే పిల్లలున్న ఇళ్ళ నుంచి అన్నీ ఒకటే రకం మెయిల్స్, ఫాఫ్సా, అంటే కాలేజీ ఖర్చుకి అమెరికా ప్రభుత్వ సాయం కోసం నింపే ఫైనాన్షియల్ ఎయిడ్ ఫామ్, ముందుకి కదలట్లేదని. ఎయిడ్ ఎంతొస్తుందో చెప్పడం నా పని కాదు గానీ, మీ మెయిల్స్ చూస్తే జనం ఆగిపోతున్నది డబ్బు లెక్కల దగ్గర కాదు, లాగిన్ దగ్గర. అది మాత్రం మన డిపార్ట్‌మెంటే.

ప్రశ్న: సార్, మా అమ్మాయి ఫాఫ్సా కోసం స్టూడెంట్ఎయిడ్ డాట్ గవ్‌లో నేనే అకౌంట్ ఓపెన్ చేశాను, నా మెయిల్, నా ఫోన్ నంబరే ఇచ్చాను. ఇప్పుడు పేరెంట్‌గా నా అకౌంట్ చేసుకోబోతే ఆ మెయిల్ ఆల్రెడీ వాడేశారు అంటోంది. వేరే మెయిల్‌తో నాది చేసుకుంటే సరిపోతుందా? (న్యూజెర్సీ నుంచి ఒక తండ్రి)

జవాబు: సరిపోదండీ, ఇప్పుడు దాటేసినా తర్వాత అక్కడికే వచ్చి ఇరుక్కుంటారు. ఆ సైట్‌లో ఒక మెయిల్, ఒక మొబైల్ నంబర్ ఒక్క మనిషికే. ఎందుకంటే ఆ అకౌంట్ ఉత్త లాగిన్ కాదు, చట్టప్రకారం సంతకంతో సమానం, అందుకే అమ్మాయి అకౌంట్ నాన్న తెరవకూడదు, నాన్నది అమ్మాయి తెరవకూడదు. సరే జరిగిందేదో జరిగింది, ముందు అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని తన అకౌంట్‌లోకి లాగిన్ అవ్వమనండి, సెట్టింగ్స్‌లో మెయిల్, ఫోన్ రెండూ తనవి పెట్టి, వచ్చిన కోడ్‌తో కన్ఫర్మ్ చేసి, పాస్‌వర్డ్ కూడా తననే మార్చుకోమనండి. తర్వాత పూర్తిగా లాగౌట్ అయ్యి, ఇన్‌కాగ్నిటో విండోలో మీ అకౌంట్ మొదలెట్టండి, లేకపోతే బ్రౌజర్ పాత లాగిన్‌నీ ఆటోఫిల్‌నీ పట్టుకుని వేలాడి మీ పేరు గడిలో అమ్మాయి పేరు నింపేస్తుంది, మీరు చూసుకోకుండా నెక్స్ట్ కొట్టేస్తారు.

అమ్మాయికి స్కూల్ మెయిల్ మాత్రం వద్దు. గ్రాడ్యుయేషన్ అయ్యాక స్కూల్ వాళ్ళు దాన్ని మూసేస్తారు, ఈ అకౌంట్ తోనేమో లోన్ తీరేదాకా పని ఉంటుంది.

అసలు మన వాళ్ళకి పెద్ద చిక్కు పేర్ల దగ్గర. 2025-26 ఫామ్ దాకా అమ్మాయి తన ఫామ్‌లోంచి మీ సెక్షన్ నింపమని మీకు ఇన్వైట్ పంపేటప్పుడు మీ పేరు, పుట్టిన తేదీ, ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్), మెయిల్ కొట్టాల్సొచ్చేది, అవి మీ అకౌంట్‌లో ఉన్న వాటితో కలవాల్సొచ్చేది, 2026-27 ఫామ్ నుంచి మీ మెయిల్ ఇస్తే చాలు. మీ అకౌంట్‌లో పేరు మాత్రం ఇప్పటికీ మీ సోషల్ సెక్యూరిటీ కార్డ్ మీద ఎలా ఉందో అలాగే ఉండాలి. మనకి పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు మొత్తం ఉంటుంది, ఆఫీసులో ఒక్క అక్షరం ఉంటుంది, కొందరికైతే ఫస్ట్ నేమ్ గడిలోనే ఇంటిపేరు చేరిపోయి ఉంటుంది, చేతికి అలవాటైంది మాత్రం లింక్డ్ఇన్‌లో ఉన్న పేరు. అది కొట్టేస్తారు, అకౌంట్ వెరిఫై అవ్వదు, సైట్ డౌన్ అయింది అనుకుంటారు. కార్డ్ తీసి ముందు పెట్టుకుని అక్షరం అక్షరం చూసి కొట్టండి.

ప్రశ్న: నేను హెచ్1బి, మా ఆవిడ హెచ్4, తనకి ఎస్ఎస్ఎన్ లేదు. పాప ఇక్కడే పుట్టింది. మా స్టేటస్ వల్ల పాపకి ఫాఫ్సా రాదని ఫ్రెండ్ అంటున్నాడు. పైగా మా ఆవిడ అకౌంట్ ఎలా చెయ్యాలో అర్థం కావట్లేదు.

జవాబు: ఫ్రెండ్ మాట వదిలేయండి. పాప సిటిజన్, ఫాఫ్సా చూసేది పాప స్టేటస్‌ని, మీ వీసాని కాదు. ఇంక మీ ఆవిడ సంగతి, మీరిద్దరూ టాక్స్ జాయింట్‌గా ఫైల్ చేసి ఉంటే మీ ఇద్దరిలో ఒక్కరు వస్తే చాలు, కాబట్టి మీ అకౌంట్‌తో పని అయిపోతుంది, ఆవిడకి అకౌంటే అక్కర్లేదు. విడివిడిగా ఫైల్ చేసి ఉంటే మాత్రం ఇద్దరూ కావాలి, అప్పుడు కూడా ఎస్ఎస్ఎన్ లేదు అనే ఆప్షన్ టిక్ చేసి అకౌంట్ చేసుకోవచ్చు. అక్కడ ఐటిఐఎన్ (ఎస్ఎస్ఎన్ లేనివాళ్ళకి ఇచ్చే టాక్స్ నంబర్) తీసుకెళ్ళి ఎస్ఎస్ఎన్ గడిలో కొట్టకండి, చాలామంది కొడుతున్నారు.

ఐఆర్ఎస్, అంటే అమెరికా టాక్స్ శాఖ నుంచి టాక్స్ వివరాలు తెచ్చుకోడానికి కన్సెంట్ అడుగుతుంది, ప్రైవసీ అనుకుని నో కొట్టొద్దు. అది ఇవ్వకపోతే పాపకి ఫెడరల్ ఎయిడ్ మొత్తం ఆగిపోతుంది. ఇన్‌కమ్ లేదు, టాక్స్ ఫైల్ చెయ్యలేదు అన్నా కన్సెంట్ ఇవ్వాల్సిందే. 2026-27 ఫామ్ అయితే అది చూసేది 2024 టాక్స్‌ని, 2025ది కాదు.

జీతాలు ఎక్కువ కదా మాకెలాగూ ఏమీ రాదులే అని ఫామ్ మానేసేవాళ్ళకి ఒక మాట. పెల్ గ్రాంట్, అంటే ఆదాయం తక్కువున్న ఇళ్ళ పిల్లలకి ఇచ్చే, తిరిగి కట్టక్కర్లేని సాయం, ఏడాదికి గరిష్ఠంగా 7,395 డాలర్లు, అది మీకు రాకపోవచ్చు, నిజమే. కానీ ఫస్టియర్‌లో పిల్లల పేరు మీద 5,500 డాలర్ల దాకా వచ్చే ఫెడరల్ లోన్‌కి కూడా ఈ ఫామే దారి, దానికి అమ్మానాన్నల ఆదాయంతో పరిమితి లేదు. తల్లిదండ్రులు తమ పేరు మీద తీసుకునే పేరెంట్ ప్లస్ అనే ఫెడరల్ లోన్ మాత్రం హెచ్1బి మీద ఉన్న తల్లిదండ్రులకి ఇవ్వరు, దాన్ని లెక్కలో వేసుకోకండి. ఇండియాలో పుట్టి హెచ్4 మీద ఉన్న పిల్లలకి ఫాఫ్సా ద్వారా ఫెడరల్ ఎయిడ్ రాదు, వాళ్ళు కాలేజీనే నేరుగా అడగాలి.

ప్రశ్న: అన్నా, నా పార్ట్ మొత్తం నింపి సైన్ చేసేశా, కానీ కాలేజీ వాళ్ళు మాకేం రాలేదు అంటున్నారు. గ్లిచ్ ఆ?

జవాబు: గ్లిచ్ కాదు తమ్ముడూ. నువ్వు సైన్ చేసింది నీ సెక్షన్ వరకే, అమ్మో నాన్నో వాళ్ళ సెక్షన్ నింపి, సైన్ చేసి, సబ్మిట్ నొక్కితేనే ఫామ్ కదులుతుంది. లాగిన్ అయ్యి స్టేటస్ చూడు, ఇన్ ప్రోగ్రెస్ అని ఉంటే ఇంకా మీ ఇంట్లోనే ఉంది, నాన్న స్పామ్ ఫోల్డర్‌లో ఆ ఇన్వైట్ పడి ఉంటుంది వెతుకు. యాక్షన్ రిక్వైర్డ్ అని ఉంటే ఏదో సంతకమో కన్సెంటో మిస్ అయింది, లోపలికెళ్తే ఏంటో చెప్తుంది. సబ్మిట్ అయ్యాక వచ్చే కన్ఫర్మేషన్ పేజీని పీడీఎఫ్ చేసి దాచుకో.

ప్రశ్న: మాది విజయవాడ. మా బాబు అమెరికాలో బ్యాచిలర్స్‌కి అప్లై చేస్తున్నాడు, సీఎస్ఎస్ ప్రొఫైల్ (కాలేజీలు తమ సొంత ఎయిడ్ ఇవ్వడానికి అడిగే కాలేజ్ బోర్డ్ వాళ్ళ ఫామ్) నింపమన్నారు. ఫామ్ 16, బ్యాంక్ స్టేట్‌మెంట్లు అప్‌లోడ్ చేస్తే ఫైల్ ఓపెన్ కావట్లేదని కాలేజీ నుంచి మెయిల్ వచ్చింది. నా ఫోన్‌లో బానే ఓపెన్ అవుతున్నాయి!

జవాబు: మీ ఫోన్‌లో ఓపెన్ అవుతాయి మేడమ్, ఎందుకంటే పాస్‌వర్డ్ మీకు తెలుసు. మన బ్యాంకుల పీడీఎఫ్‌లు చాలావాటికి తాళం ఉంటుంది, పాన్ నంబరో పుట్టిన తేదీనో కొడితే తప్ప తెరుచుకోవు, కాలేజీ ఆఫీసులో కూర్చున్నాయనకి అది ఎలా తెలుస్తుంది. కంప్యూటర్‌లో ఆ ఫైల్‌ని క్రోమ్‌లో తెరిచి పాస్‌వర్డ్ కొట్టండి, తర్వాత ప్రింట్ ఇచ్చి ప్రింటర్ బదులు సేవ్ యాజ్ పీడీఎఫ్ ఎంచుకోండి, కొత్తగా వచ్చే ఫైల్‌కి మామూలుగా తాళం ఉండదు. సేవ్ చేశాక ఒకసారి తెరిచి చూసుకునే పంపండి. పీడీఎఫ్ అన్‌లాక్ ఫ్రీ అని గూగుల్‌లో కనపడే సైట్లలోకి మాత్రం మీ జీతం కాగితాలు ఎక్కించకండి, చాట్‌బాట్‌లలోకి కూడా వద్దు. కాగితాలు ఫోటో తీసి పంపాల్సొస్తే మామూలు కెమెరా కాదు, గూగుల్ డ్రైవ్ యాప్‌లో స్కాన్ ఉంది, అన్ని పేజీలూ ఒకే పీడీఎఫ్‌గా వస్తాయి, నాలుగు మూలలూ పడ్డాయో లేదో చూసుకోండి.

మీరు అడగలేదు గానీ ఇంకోటి. ఏ కరెన్సీలో వివరాలు ఇస్తున్నారని ఆ ఫామ్ అడుగుతుంది, అక్కడ డాలర్లు అని ఉంచేసి కింద రూపాయల్లో 1850000 కొట్టేస్తే మీరు ఏడాదికి పద్దెనిమిదిన్నర లక్షల డాలర్లు సంపాదించే కుటుంబం అయిపోతారు, ఇంక ఎయిడ్ ఎవడిస్తాడు. అంకెల మధ్య మన లక్షల కామాలు కూడా పెట్టకండి, ఉత్త అంకెలే. లాగిన్‌కి బాబు శాట్‌కి వాడిన కాలేజ్ బోర్డ్ అకౌంటే వాడాలి, కొత్తది తెరిస్తే రెండు రికార్డులై గందరగోళం. ఫీజు మొదటి కాలేజీకి 25 డాలర్లు, తర్వాత ఒక్కోదానికి 16. కష్టమైతే ఆ కాలేజీ ఎయిడ్ ఆఫీసుకి మెయిల్ పెట్టండి, కొన్ని కాలేజీలు ఫీజు కట్టక్కర్లేకుండా కోడ్ ఇస్తాయి. ముందు అడ్మిషన్ రానీ తర్వాత ఎయిడ్ అడుగుదాం అనుకోవద్దు, ఫారిన్ పిల్లలకి చాలా కాలేజీల్లో ఆ తర్వాత అనేది ఉండదు. హార్వర్డ్, ఎంఐటీ లాంటి కొన్ని మాత్రం ఎయిడ్ అడిగారని అడ్మిషన్ దగ్గర లెక్క చూడవు.

ప్రశ్న: ఫాఫ్సా మేమే నింపి పెడతాం, 79 డాలర్లు కట్టి మీ లాగిన్ ఇవ్వండి అని వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. నమ్మొచ్చా?

జవాబు: బ్లాక్ చెయ్యండి. ఫాఫ్సాకి పైసా ఫీజు లేదు, అడ్రస్ చివర డాట్ గవ్ ఉన్న స్టూడెంట్ఎయిడ్ సైటే అసలుది, దాన్ని మెసేజ్‌లో లింక్ నొక్కి కాకుండా మీరే టైప్ చేసి వెళ్ళండి. ఆల్రెడీ లాగిన్ ఇచ్చేసి ఉంటే ఇప్పుడే పాస్‌వర్డ్ మార్చి, సెట్టింగ్స్‌లో ఉన్న మెయిల్, ఫోన్ నంబర్ మీవేనా కాదా చూసుకోండి, ఎందుకంటే వాళ్ళు ముందు మార్చేది ఆ రెండే.