పేగుల్లోని బ్యాక్టీరియా వల్ల క్యాన్సర్ తిరగబెడుతుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. పెద్దపేగు క్యాన్సర్ మూడో దశలో ఉండగా ఆపరేషన్ చేశారు. ఇప్పుడు కీమోథెరపీ ఇస్తున్నారు. చేతివేళ్లు తిమ్మిరెక్కుతున్నాయంటున్నారు. పేగుల్లోని ఒక బ్యాక్టీరియా వల్ల ఈ జబ్బు మళ్లీ వస్తుందని, మెట్రోనిడజోల్ మాత్రలు వేసుకుంటే అది చస్తుందని బంధువు ఒకరు చెప్పారు. వాడవచ్చా? ప్రోబయోటిక్ మాత్రలు మంచివేనా?
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

సమాధానం: మీ బంధువు చెప్పినదానిలో కొంత నిజం ఉంది, అయినా ఆ మాత్రలు మాత్రం దయచేసి మొదలుపెట్టకండి.

ఆయన విన్నది బహుశా ఫ్యూసోబాక్టీరియం న్యూక్లియాటం గురించి అయి ఉంటుంది. ఇది మామూలుగా నోట్లో, పళ్ల గారలో ఉంటుంది. పెద్దపేగు కణితుల్లో ఇది ఎక్కువగా ఉన్నట్లు 2012లో రెండు పరిశోధక బృందాలు గుర్తించాయి. క్యాన్సర్ కణాలతో పాటు ఇది కాలేయానికీ చేరగలదని, కీమో మందులను కణాలు తట్టుకునేలా చేస్తుందని, జబ్బు తిరగబెట్టినవారిలో ఎక్కువగా కనిపించిందని 2017లో వెలువడిన అధ్యయనాలు తెలిపాయి. మనిషి కణితిని ఎలుకల్లో నాటి మెట్రోనిడజోల్ ఇస్తే దాని పెరుగుదల మందగించిందని తేలింది కూడా ఆ ఏడాదే. అయితే అక్కడ చూసింది ఎలుకలో పెరుగుతున్న కణితిని. మీ నాన్నగారికి కణితిని ఇప్పటికే తీసేశారు. పైగా ఈ మందు పేగులకు మేలు చేసే బ్యాక్టీరియానూ చంపుతుంది, ఎక్కువకాలం వాడితే నరాలను దెబ్బతీస్తుంది. ఆయనకు ఇస్తున్న మందుల్లో ఆక్సాలిప్లాటిన్ ఉంటే తిమ్మిర్లకు అదే కారణం కావచ్చు, అలాంటప్పుడు రెండూ కలిసి అవే నరాల మీద పడతాయి. చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమవుతోందా అన్నది గమనించి, తర్వాతి కీమోకు ముందే మీ డాక్టరుకు తప్పక చెప్పండి. అవసరమైతే మోతాదు తగ్గిస్తారు.

కీమో సమయంలో తెల్లకణాలు తగ్గుతాయి కనుక ప్రోబయోటిక్ మాత్రల్లోని బ్రతికున్న బ్యాక్టీరియా, అరుదుగానైనా, రక్తంలోకి చేరే ప్రమాదం ఉంది. వాటిని సొంతంగా వాడవద్దు. విరేచనాలు లేకపోతే చోడి (రాగి) అంబలి, పప్పు, కూరగాయలు పెట్టండి. వాటిలోని పీచే మంచి బ్యాక్టీరియాకు ఆహారం. చిగుళ్ల నుంచి రక్తం వస్తుంటే దంతవైద్యుడికి చూపించండి, కీమో జరుగుతోందని ముందే చెప్పండి. చుట్ట అలవాటు, ముఖ్యంగా మన ఉత్తరాంధ్రలో కనిపించే అడ్డపొగ (నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం), ఉంటే వెంటనే మాన్పించండి.

జబ్బు తిరగబెట్టడం చాలావరకు మొదటి మూడేళ్లలోనే జరుగుతుంది. అందుకే 3 నుంచి 6 నెలలకోసారి సీఈఏ (జబ్బు తిరగబెడితే రక్తంలో పెరిగే ఒక ప్రొటీన్) రక్తపరీక్ష, డాక్టరు చెప్పిన గడువుకు సీటీ స్కాన్, ఆపరేషన్ అయిన ఏడాదికి కొలనోస్కోపీ (పెద్దపేగు లోపల కెమెరా గొట్టంతో చూసే పరీక్ష) తప్పనిసరి. జబ్బు కాలేయానికి పాకినా, చిన్న మచ్చగా ఉన్నప్పుడే కనిపెడితే దాన్ని కోసి తీసే అవకాశం చాలామందికి ఉంటుంది. కీమో ముగిశాక, డాక్టరు అనుమతితో, ఉదయం బీచ్ రోడ్డులో నడిపించండి. 2025లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, కీమో తర్వాత మూడేళ్లు క్రమపద్ధతిలో వ్యాయామం చేసినవారిలో అయిదేళ్ల వరకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు దాదాపు 80 శాతం, కేవలం సలహా పుస్తకాలు అందుకున్నవారిలో 74 శాతం.