వెక్టర్‌లో జన్యువు పట్టాలంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మానవ సీఎఫ్‌టీఆర్ జన్యువును (లోపిస్తే సిస్టిక్ ఫైబ్రోసిస్ వ్యాధి వచ్చే జన్యువు) కల్చర్ కణాల్లో ఎక్స్‌ప్రెస్ చేయడానికి మొదట ఏఏవీని (జన్యువును కణంలోకి మోసుకెళ్లే వెక్టర్‌గా వాడే చిన్న వైరస్) తీసుకున్నాం. కుదరలేదు. ప్రమోటర్ (జన్యువును పనిచేయించే ముక్క) నుంచి చివరి పాలీ-ఏ (ఆర్‌ఎన్‌ఏ ఇక్కడ ముగియాలని చెప్పే సిగ్నల్) వరకు అదే ముక్కను కోసి, మరో వైరస్ వెక్టర్ అయిన లెంటీవైరస్ ప్లాస్మిడ్‌లో (గుండ్రటి డీఎన్‌ఏ) పెట్టాం. సీక్వెన్స్ సరిగానే ఉంది, వైరస్ టైటర్ (మిల్లీలీటరుకు పనిచేసే రేణువుల సంఖ్య) మాత్రం దాదాపు సున్నా. తప్పెక్కడ?
– ఎమ్మెస్సీ ప్రాజెక్టు విద్యార్థిని, గుంటూరు

జవాబు: తప్పు ఆ పాలీ-ఏ దగ్గరే ఉందమ్మా. ఏఏవీ వెక్టర్‌లో సొంత పాలీ-ఏ సిగ్నల్ ఉండదు కాబట్టి జన్యువు చివర మనమే పెట్టాలి. లెంటీవైరస్‌కు ఆ పని కుడి చివరి ఎల్‌టీఆర్ (వైరస్ జీనోమ్ రెండు చివర్లా ఉండే ఒకేలాంటి ముక్క) చేస్తుంది. ప్యాకేజింగ్ కణంలో (వైరస్‌ను తయారు చేసే కణం) వైరస్ జీనోమ్ ఆర్‌ఎన్‌ఏ ఎడమ చివర మొదలై కుడి ఎల్‌టీఆర్ దాకా ఒకే పోగుగా రావాలి. మధ్యలో అదే దిశలో పాలీ-ఏ తగిలితే ఆర్‌ఎన్‌ఏ అక్కడే తెగుతుంది. కుడి చివర లేని ఆ పోగు వైరస్ రేణువులోకి ఎక్కినా కొత్త కణంలో డీఎన్‌ఏగా మారజాలదు. సీక్వెన్సింగ్‌లో ఇది తప్పుగా కనిపించకపోవడానికి కారణం, అక్షరాలన్నీ సరిగానే ఉండటం. ఆ సిగ్నల్‌ను తీసేసి మళ్లీ క్లోన్ చేయండి.

ఇక ఏఏవీలో ఎందుకు పట్టలేదో లెక్క వేసి చూడండి. ఏఏవీ మోయగలిగేది సుమారు 4.7 కిలోబేస్‌లు. రెండు చివర్ల ఐటీఆర్‌లకు (ఏఏవీ జీనోమ్ కొసల్లో ఉండాల్సిన ముక్కలు) 145 చొప్పున 290 బేస్‌లు, సీఎంవీ ప్రమోటర్‌కు సుమారు 600, పాలీ-ఏకు 200 పైచిలుకు పోతాయి. మిగిలేది 3.6 కిలోబేస్‌లు. సీఎఫ్‌టీఆర్ ప్రొటీన్‌లో 1,480 అమైనో ఆమ్లాలున్నాయి. మూడుతో గుణించి స్టాప్ కోడాన్ కలిపితే 4,443 బేస్‌లు. ప్రైమర్లు ఆర్డర్ చేసే ముందే వేయాల్సిన లెక్క ఇది. డిస్ట్రోఫిన్ (కండరాల ప్రొటీన్) అయితే 3,685 అమైనో ఆమ్లాలు, అంటే 11 కిలోబేస్‌లు దాటుతుంది, లెంటీవైరస్‌కు కూడా బరువే.

లెంటీవైరస్‌లో ఎనిమిది కిలోబేస్‌ల వరకు పెట్టవచ్చంటారు గానీ, పొడవు పెరిగేకొద్దీ టైటర్ తగ్గుతూనే ఉంటుంది. అందుకని అదే రోజు, అదే కణాలతో, 720 బేస్‌ల జీఎఫ్‌పీ (ఆకుపచ్చగా వెలిగే ప్రొటీన్ జన్యువు) ఉన్న ప్లాస్మిడ్‌ను కూడా ప్యాక్ చేయండి. అది బాగా వచ్చి మీది రాకపోతే లోపం మీ కన్‌స్ట్రక్ట్‌దే. రెండూ రాకపోతే ట్రాన్స్‌ఫెక్షన్‌ను (కణాల్లోకి ప్లాస్మిడ్‌లను ఎక్కించే పని), ప్యాకేజింగ్‌కు వాడే హెక్ 293టీ కణాల ఆరోగ్యాన్ని అనుమానించండి. ఈ కంట్రోల్ లేకుండా నెలల తరబడి తడుముకునే ల్యాబులే ఎక్కువ, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాం.

ప్రశ్న: జీఎఫ్‌పీ లెంటీవైరస్ మొదటిసారి బాగా పనిచేసింది. అదే ట్యూబు మళ్లీ తీసి వాడితే వెలుగు సగం కూడా లేదు. డోసు ఎలా లెక్కించాలి?
– పరిశోధక విద్యార్థి, విజయవాడ

జవాబు: కరిగించి మళ్లీ గడ్డకట్టించిన ప్రతిసారీ లెంటీవైరస్ బలం తగ్గుతుంది. తయారైన రోజే ఒక్కసారి వాడకానికి సరిపడా చిన్న ట్యూబుల్లో పంచి మైనస్ 80 డిగ్రీల్లో పెట్టండి. కరిగించాక మిగిలింది పారేయండి. మే నెలలో కరెంటు పోతే ఫ్రీజర్ తలుపు తెరవకండి.

టైటర్ మీ కణాల మీదే కొలవాలి. పీ24 పరీక్ష (వైరస్ ప్రొటీన్‌ను కొలిచేది) పనికిరాని రేణువులను కూడా లెక్కలో కలిపేస్తుంది. కల్చర్ ప్లేటులో లక్ష కణాలున్న బావుల్లో (వెల్స్) వైరస్‌ను వేర్వేరు మోతాదుల్లో వేసి 72 గంటల తర్వాత ఫ్లో సైటోమీటర్‌లో (వెలిగే కణాలను లెక్కించే యంత్రం) చూడండి. అంతకంటే ముందు చూస్తే వైరస్‌తో పాటు వచ్చిన ప్లాస్మిడ్, ప్రొటీన్ కూడా వెలిగి మోసం చేస్తాయి. 10 మైక్రోలీటర్లకు 20 శాతం కణాలు వెలిగితే 20,000ను 0.01తో భాగించండి: మిల్లీలీటరుకు 20 లక్షలు. 5 నుంచి 20 శాతం మధ్య వచ్చిన బావినే లెక్కకు తీసుకోండి. అంతకు మించితే ఒకే కణంలో రెండు మూడు వైరస్‌లు దూరినా ఒకటిగానే లెక్కకొస్తాయి.

కణానికి ఒకే కాపీ కావాలంటే ఎంఓఐ (కణానికి సగటున వేసే వైరస్‌ల సంఖ్య) 0.3 చాలు. 26 శాతం కణాలకు వైరస్ పడుతుంది, వాటిలో 86 శాతానికి ఒక్క కాపీయే ఉంటుంది. పాలిబ్రీన్ (వైరస్ కణానికి అంటుకోవడానికి వేసే రసాయనం) మిల్లీలీటరుకు 8 మైక్రోగ్రాములు మించనివ్వకండి. కొన్ని కణాలు దానికే చస్తాయి, కాబట్టి వైరస్ లేకుండా పాలిబ్రీన్ మాత్రమే వేసిన బావి ఒకటి తప్పనిసరి. మూలకణాల్లో అయితే సీఎంవీ ప్రమోటర్ కొన్నాళ్లకు మూగబోతుంది. ఈఎఫ్1 ఆల్ఫా ప్రమోటర్ వాడండి.

ప్రశ్న: ఈ లెంటీవైరస్ వెక్టర్ కణాల్లో పెరగదు కదా, మరి అంత జాగ్రత్త ఎందుకు?
– ల్యాబ్ టెక్నీషియన్, గుంటూరు

జవాబు: పెరగదు, నిజమే. కానీ వీఎస్‌వీ-జీ (మరో వైరస్ నుంచి తీసుకున్న ప్రొటీన్) తొడుగు ఉన్న రేణువు మనిషి కణంలోకి కూడా దూరగలదు. ఒకసారి దూరితే మోసుకొచ్చిన జన్యువు క్రోమోజోమ్‌లో శాశ్వతంగా చేరిపోతుంది. అది క్యాన్సర్ జన్యువైతే ప్రమాదం ఇంకా ఎక్కువ. సంస్థ బయోసేఫ్టీ కమిటీ అనుమతి, బీఎస్‌ఎల్-2 (రెండో స్థాయి జీవభద్రత) గది, రెండు జతల గ్లోవ్స్ ఉండాలి. సూదులు, గాజు పిపెట్లు వద్దు. ద్రవ వ్యర్థాల్లో బ్లీచ్ పదో వంతు అయ్యేలా కలిపి అరగంట ఉంచండి. మన ఎండలకు బ్లీచ్ తొందరగా చచ్చిపోతుంది. అందుకే డబ్బా చల్లటి చీకటి చోట ఉంచి, పలుచన చేసింది ఏ రోజుకారోజు తాజాగా కలుపుకోండి.