టెక్ సందేహాలు: డేటాబేస్ నత్తనడక నడుస్తుంటే ఖరీదైన డిస్క్ కొనాలా?

ప్రశ్న: విజయవాడలో బట్టల షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇస్తుంటాం. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ అమెజాన్ అద్దెకిచ్చే డేటాబేస్ సేవ ఆర్‌డీఎస్‌లో ఉంది. టీ3.మీడియం సర్వర్, 100 జీబీ జీపీ2 రకం డిస్క్. పొద్దున బాగానే ఉంటుంది. సాయంత్రం రద్దీలో మాత్రం ఒక్కో బిల్లుకు పదిహేను సెకన్లు పడుతోంది. ఇంకా వేగమైన, ఖరీదైన ఐఓ2 రకం డిస్క్‌కు మారిపొమ్మంటున్నారు. మారమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. జీపీ2లో ఒక్కో జీబీకి 3 ఐఓపీఎస్ ఇస్తారు, అంటే సెకనుకు అన్నిసార్లు చదవడమో రాయడమో చేయొచ్చు. మీ 100 జీబీకి వచ్చేది 300. అవసరమైతే 3,000 దాకా వెళ్లనిస్తుంది కానీ, అది పోగేసుకున్న క్రెడిట్ల మీద. పూర్తి వేగంతో వాడితే అరగంట దాటాక అవి అయిపోతాయి, మళ్లీ 300కి వచ్చి పడతారు. రాత్రి షాపులు మూశాక క్రెడిట్లు నిండుతాయి కనుక పొద్దున అంతా బాగున్నట్టే ఉంటుంది. అమెజాన్ పర్యవేక్షణ టూల్ క్లౌడ్‌వాచ్‌లో, మిగిలిన క్రెడిట్లు చూపే ‘బర్స్ట్ బ్యాలెన్స్’ గ్రాఫ్ తెరిచి నిన్న సాయంత్రం దగ్గర చూడండి. గీత సున్నాకు దిగిందంటే దొంగ దొరికినట్టే.

అప్పుడు జీపీ2 తర్వాతి తరం డిస్క్ జీపీ3కి మారండి. క్రెడిట్ల గొడవ లేకుండా 3,000 ఐఓపీఎస్ నికరంగా వస్తుంది. మైఎస్‌క్యూఎల్‌కు 400 జీబీ నుంచి అదే 12,000 అవుతుంది. డేటాబేస్ ఆపకుండానే మారొచ్చు గానీ, మార్పు జరిగేంతసేపూ కాస్త నెమ్మదించవచ్చు. ఆ తర్వాత కనీసం ఆరు గంటలపాటు స్టోరేజీని మళ్లీ మార్చనివ్వదు. షాపులు మూశాకే మొదలుపెట్టండి.

ఐఓ2 ఎందుకు వద్దన్నానంటే, డిస్క్ ఎంత వేగంగా ఉన్నా సర్వర్‌కు తనదైన పరిమితి ఉంటుంది. టీ3.మీడియం నిలకడగా ఇవ్వగలిగేది 2,000 ఐఓపీఎస్. అంతకుమించి కాసేపే లాగగలదు. మీరు 20,000 కొన్నా అమెజాన్ బిల్లు పెరుగుతుంది, షాపులో క్యూ తగ్గదు. ఆ డబ్బుతో 8 జీబీ మెమరీ ఉన్న ఎం తరగతి సర్వర్ తీసుకోండి. రోజూ వాడే డేటా మెమరీలోనే ఉంటే అసలు డిస్క్ దాకా వెళ్లే పనే తగ్గుతుంది.

ఇంకొకటి. కస్టమర్ ఫోన్ నంబరుతో పాత బిల్లులు వెతికే క్వెరీకి (డేటాబేస్‌కు ఇచ్చే ఆదేశానికి) ముందు, అది ఎలా వెతుకుతుందో చూపే ‘ఎక్స్‌ప్లెయిన్’ అనే మాట పెట్టి నడపండి. టైప్ దగ్గర ‘ఆల్’ అని వస్తే, ఒక్క నంబరు కోసం టేబుల్ మొత్తం తిరగేస్తోందన్నమాట. ఫోన్ నంబరు మీద ఇండెక్స్, అంటే పుస్తకం చివర ఉండే సూచిక లాంటిది, వేస్తే సరి, పైసా ఖర్చు లేదు. నన్నడిగితే డిస్క్ జోలికి వెళ్లేముందే ఈ పని చేయాలి.

దగ్గరని చెప్పి డేటాబేస్ ఒక్కదాన్నే 2022 నవంబరులో వచ్చిన అమెజాన్ హైదరాబాద్ రీజియన్‌కు (డేటా సెంటర్ల కేంద్రానికి) తేవద్దు. అప్లికేషన్ ముంబైలోనే ఉండిపోతే ప్రతి క్వెరీ అక్కడి నుంచి ఇక్కడికి వచ్చిపోవాలి. తెస్తే రెండూ కలిపి తెండి.

ప్రశ్న: టెస్టింగ్ కోసం పెట్టిన ఆర్‌డీఎస్‌ను ఆపేశాను. అయినా బిల్లు వస్తోందేమిటి?

జవాబు: ఆపితే ఆగేది సర్వర్ గంటల లెక్కే. డిస్క్‌కూ బ్యాకప్‌లకూ మీటరు తిరుగుతూనే ఉంటుంది. పైగా ఏడు రోజులయ్యాక అదంతట అదే మళ్లీ ఆన్ అవుతుంది. నెలల తరబడి అక్కర్లేదనుకుంటే స్నాప్‌షాట్ (మొత్తం డేటాబేస్ నకలు) తీసుకుని డేటాబేస్‌ను డిలీట్ చేసేయండి. అవసరమైనప్పుడు దాన్నుంచే తిరిగి తెచ్చుకోవచ్చు. స్నాప్‌షాట్ దాచినందుకు కొంత పడుతుంది కానీ, ఇప్పుడు కడుతున్నంత ఉండదు.