ఐపీఎఫ్‌కు స్టెమ్ సెల్ చికిత్స చేయించవచ్చా?

మీ అమ్మగారికి ఐపీఎఫ్ (కారణం తెలియకుండా ఊపిరితిత్తులు మచ్చకట్టి బిగుసుకుపోయే జబ్బు) అని తేలిందని, స్టెమ్ సెల్స్ (మూలకణాలు) ఎక్కిస్తే నయమవుతుందని ఒక క్లినిక్ వాళ్లు చెప్పారని, అప్పు చేసైనా చేయించాలా అని అడిగారు. అప్పు చేయకండి. ఇదే జబ్బున్న మా మామగారిని తీసుకుని అలాంటి చోటికి మేమూ వెళ్లాం.

అక్కడి కౌన్సెలర్ తెల్లకాగితం మీద రెండు ఊపిరితిత్తులు గీసి, పొట్ట కొవ్వులోంచి తీసిన కణాలను సెలైన్‌లా ఎక్కిస్తే నేరుగా అక్కడికే పోతాయని బాణం గుర్తు వేసింది. ఆ మాట అబద్ధమేమీ కాదు. నరంలోకి ఎక్కించిన కణాలు ఎక్కువగా ఊపిరితిత్తుల్లోని సన్నని రక్తనాళాల్లోనే ఇరుక్కుంటాయి. ఇరుక్కున్నంత మాత్రాన కొత్త ఊపిరితిత్తి పుట్టదు, చాలావరకు త్వరగానే చచ్చిపోతాయి. బిగుసుకుపోయిన మచ్చ అలాగే ఉంటుంది. 2017లో వచ్చిన అమెరికాలోని మయామీ అధ్యయనంలో 9 మంది ఐపీఎఫ్ రోగులకు దాతల ఎముక మజ్జ కణాలు ఎక్కించారు. అది భద్రత కోసం చేసిన పరీక్ష, నయమవుతుందనడానికి రుజువు కాదు.

బ్లడ్ క్యాన్సర్‌కీ తలసేమియాకీ చేసే మజ్జ మార్పిడిని చూపించి ఇదీ అలాంటిదే అంటారు, నమ్మకండి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం అలాంటి రక్త సంబంధ జబ్బులకు తప్ప మిగతా వాటికి స్టెమ్ సెల్స్ వాడాలంటే అనుమతి ఉన్న ట్రయల్‌లోనే వాడాలి. ట్రయల్‌లో రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. నేను సీటీఆర్‌ఐ (మన దేశంలో ట్రయల్స్ నమోదయ్యే ప్రభుత్వ జాబితా) రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే, ప్యాకేజీ తగ్గింపు ఈ నెలాఖరు వరకే అని జవాబొచ్చింది! ఊపిరితిత్తులకూ ఆఫరా అమ్మా అంటూ మామగారే లేచి బయటికి నడిచారు.

ఆ డబ్బు మందులకు, ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్‌కు పనికొచ్చింది. పిర్ఫెనిడోన్, నింటెడానిబ్ జబ్బును నయం చేయవు, ముదరడాన్ని నెమ్మదింపజేస్తాయి. పిర్ఫెనిడోన్ తిన్నాకే వేసుకోవాలి, లేకపోతే వికారం. దానితో ఎండ పడదు, మామగారికి పొద్దుటి ఎండకే చేతులు ఎర్రగా కందేవి, ఫుల్ హ్యాండ్స్ చొక్కాతోనే బయటికి వెళ్లేవారు. ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామాలతో బాత్రూమ్ దాకా ఆయాసం లేకుండా నడవగలిగారు. ఫ్లూ, న్యుమోనియా టీకాలు కూడా వేయించండి.

అమ్మగారి వయసు మీరు రాయలేదు. ఊపిరితిత్తుల మార్పిడికి వయసు, ఒంట్లో ఓపిక రెండూ చూస్తారు, కాబట్టి మంచాన పడేదాకా ఆగకుండా హెచ్‌ఆర్‌సీటీ (ఊపిరితిత్తుల స్కాన్) సీడీ, పీఎఫ్‌టీ (ఊపిరి సామర్థ్య పరీక్ష) రిపోర్టులు పట్టుకుని మార్పిడి చేసే ఆసుపత్రిలో ఇప్పుడే చూపించండి. సరిపోతారనుకుంటే జీవన్‌దాన్‌లో (తెలుగు రాష్ట్రాల్లో అవయవదానం చూసే ప్రభుత్వ పథకం) పేరు నమోదు చేసే పని ఆసుపత్రి వాళ్లే చూసుకుంటారు.