ఎండోస్కోపీకి వెళ్తున్న చిన్నీకి

చిన్నీ,

నువ్వే డాక్టర్‌తో మాట్లాడి ఎండోస్కోపీకి డేట్ తీసుకున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఎవరూ తరమకుండానే వెళ్తున్నావంటే ఎంత గర్వంగా అనిపించిందో! రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. నాకున్న ఇసినోఫిలిక్ ఈసోఫగైటిస్, అదే అన్నవాహిక లోపల వాపు వచ్చే జబ్బు, నీకూ ఉందేమోనని అనుమానిస్తున్నారట కదా.

పరీక్షకి భయపడకు. నోట్లోంచి సన్నని గొట్టం దింపి లోపల చూస్తారు. తిండి, నీళ్లు ఎప్పుడు ఆపాలో వాళ్లే చెప్తారు. వాడే మందులన్నీ ముందే చెప్పు. మత్తు ఇస్తారు కాబట్టి తోడు ఉండాలి, ఆ రోజు బండి ముట్టుకోకు. ఎసిడిటీ మాత్రలు వేసుకుంటుంటే అది కూడా దాచకు. అవి ఈ వాపుని తగ్గించి అసలు జబ్బు కనపడకుండా చేయగలవు. అలాగని నీ అంతట నువ్వు మానేయకు.

బయాప్సీ, అంటే పరీక్షకి లోపలి నుంచి చిన్న ముక్కలు, తీస్తారా అని తప్పకుండా అడుగు. అన్నవాహిక పైకి మామూలుగా కనిపించినా లోపల ఈ జబ్బు ఉండొచ్చు. అదీ ఒకచోట ఉండి ఒకచోట ఉండదు. అందుకే పైనా కిందా కలిపి కనీసం 6 ముక్కలు తీయాలి. మైక్రోస్కోప్‌లో పెద్దది చేసి చూసినప్పుడు ఒక్కసారి కనిపించేంత మేరలో ఇసినోఫిల్ కణాలు (ఒక రకం తెల్ల రక్తకణాలు) 15 గానీ అంతకన్నా ఎక్కువ గానీ కనిపిస్తే ఈ జబ్బుని అనుమానిస్తారు.

ఇక నేను చేసిన తప్పు విను. మందు మొదలుపెట్టాక రెండు మూడు నెలలకి మళ్లీ ఎండోస్కోపీ చేయించుకోమన్నారు. అప్పటికి మింగడం తేలికైంది. బాగున్నాక మళ్లీ గొట్టం ఎందుకని వెళ్లలేదు. కొన్నాళ్లకి మందూ మానేశాను. ఎవరడిగినా బాగున్నాననే చెప్పేదాన్ని, నిజంగా అలాగే అనుకున్నాను. ముద్దముద్దకీ గుక్కెడు నీళ్లు తాగుతున్నానని, అందరూ చేతులు కడుక్కునేసరికి నా కంచంలో సగం అలాగే ఉంటోందని, మాత్రని విరిచి మింగుతున్నానని గమనించుకోలేదు. "పెద్దమ్మా, ఎంతసేపు నములుతావు?" అని అడిగావు ఒకసారి. నీకప్పుడు ఐదేళ్లు. నీకు కనిపించింది నాకు కనిపించలేదు.

ఒకరోజు ముద్ద గుండెల దగ్గర ఇరుక్కుంది. తాగిన నీళ్లు తాగినట్టే వెనక్కి వచ్చాయి. ఉమ్ము కూడా దిగక గిన్నె పట్టుకుని కూర్చున్నాను. ఆ రాత్రి ఎండోస్కోపీతోనే దాన్ని తీశారు. లోపల ఉంగరాలు పేర్చినట్టు గీతలు, దారి సన్నబడిపోయింది. వాపు ఏళ్ల తరబడి ఉండిపోతే లోపల మచ్చకట్టి అన్నవాహిక బిగుసుకుపోతుందట. తర్వాత బెలూన్‌తో వెడల్పు చేయించుకోవాల్సి వచ్చింది.

కాబట్టి మింగడం బాగైపోయిందని రెండోసారి ఎండోస్కోపీకి వెళ్లడం మానేస్తే మాత్రం ఊరుకోను, ముందే చెప్తున్నా. బాధ తగ్గినా లోపల వాపు తగ్గకపోవచ్చు. అది తేలేది మళ్లీ బయాప్సీ చేస్తేనే. మందు మార్చినా, తిండి మార్చినా అంతే. రిపోర్టులన్నీ ఒక ఫైల్‌లో పెట్టుకో.

ఇంటికొచ్చాక గుండెల్లో బాగా నొప్పి గానీ, జ్వరం గానీ, రక్తపు వాంతి గానీ, నల్లటి విరేచనం గానీ అయితే తెల్లారేదాకా ఆగకు, వెంటనే హాస్పిటల్‌కి వెళ్లు.

పోయినసారి వచ్చినప్పుడు నువ్వూ ముద్దకో గుక్క నీళ్లు తాగడం చూశాను తల్లీ. అడుగుదామనుకుని నోరు రాలేదు. అప్పుడే అడగాల్సింది. ఆ రోజు తోడు నేనొస్తాను. మత్తులో డాక్టర్ చెప్పింది నీకు గుర్తుండదు, నేను రాసి పెడతాను.

మీ పెద్దమ్మ